బెల్లం ధర రెండుసార్లు పడిన వారం

కిందటి వారం మనం రామలక్ష్మమ్మను ప్రెస్సు గడపలో నిలబెట్టి వచ్చాం. ఎదురుగా డ్రైవరు ఆశీర్వాదం భార్య అన్నమ్మ. ఆమె వెనక గోడవారగా, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎవరో వయసు పిల్ల. "ఒక్క మాట వేయమ్మా నీ పేపర్లో. బస్సుకు బ్రేకు లేదని మా ఇంటాయన ముందే చెప్పినాడని. సోమవారం పెనుకొండ కోర్టులో నిలబెడతారంట" అని అన్నమ్మ బతిమాలింది. సాక్ష్యం లేని మాట వేయనని రామలక్ష్మమ్మ అన్నది. ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

గుర్తు లేనివాళ్ళ కోసం ఇంకో నాలుగు మాటలు. పెనుకొండ దిగువ కల్వర్టు దగ్గర బోల్తా పడిన 'రామాంజినమ్మ' బస్సు హిందూపురం ఈరన్నది. సంతకు పోయేవాళ్ళు ఇద్దరు అందులో చనిపోయారు. డ్రైవరు తాగి నడిపాడని ఈరన్న చెప్పాడు, పోలీసులు డ్రైవరును పట్టుకుపోయారు. అసలు బస్సు ఏ స్థితిలో ఉండిందో యజమాని చెప్పాలి గదా అని రామలక్ష్మమ్మ తన చేత్తో రాసిన వార్త ఒకటి అచ్చుకు సిద్ధమయ్యాక పేజీలోంచి బయటికి వచ్చేసింది. ఎందుకంటే ఈరన్న ప్రెస్సుకు వచ్చి, కుర్చీలో కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఇంట్లో పెండ్లి కావాల్సిన పిల్ల ఉండాదమ్మా."

అంతే. ఆ మాట చెవిన పడ్డాక రామలక్ష్మమ్మ హిందూపురంలో నడిపే 'జయమంగళి' వారపత్రికలో ఏ వార్తా నిలవదు. అది ఆ పత్రిక నియమం. రామలక్ష్మమ్మ భర్త పెట్టిపోయాడు. ఆయన చెల్లెలికి కుదిరిన సంబంధం, వాళ్ళ నాయన మీద ఏదో పేపర్లో పడిన నాలుగు పంక్తులకు తప్పిపోయింది. ఆ పిల్ల మళ్ళీ పెళ్ళిపీట ఎక్కలేదు. అందుకే ఆయన పత్రిక పెట్టిన రోజే, పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంటి పరువు మన అక్షరాల కింద నలగకూడదు అన్నాడు. ఆయన పోయాక, గరిటె పట్టే చేతికి కలం ఎందుకని ఊరు నవ్వినా లెక్కచేయకుండా రామలక్ష్మమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. అరవై రెండో సంవత్సరం ఎన్నికల్లో రెండు పక్షాలవాళ్ళూ వచ్చి ఆశలు చూపించారు, బెదిరించారు. ఒక్క అక్షరం మార్చలేదు. ఎవరికీ తలవంచని పత్రిక అని పేరు తెచ్చింది. ఒక్క ఆ నియమానికి మాత్రం తలవంచింది. అదీ గర్వంగానే వంచింది. తన పేపరు వల్ల ఏ ఆడపిల్ల కంటా నీళ్ళు రాలేదని ఆవిడ నలుగురిలో చెప్పుకునేది.

నియమం మంచిదే. కాని లోకం ఊరుకుంటుందా? కొన్నేళ్ళలో చుట్టుపక్కల తప్పుచేసిన ప్రతి పెద్దమనిషికీ ఒక పెళ్ళికాని కూతురు మొలిచింది. కూతుళ్ళు లేనివాళ్ళు తమ్ముడి కూతుర్ని, మరదలి కూతుర్ని అరువు తెచ్చుకున్నారు. మడకశిర వైపు ఆసామి ఒకాయన ఉయ్యాల్లో పిల్ల పేరు చెప్పి వార్త తీయించుకుపోయాడు.

అలా తీసేసిన చోట పేజీ బోడిగా పోకూడదు గదా. ఆ ఖాళీ పూడ్చడానికి కంపోజిటర్ గోవిందప్ప దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి హిందూపురం మార్కెట్టు బెల్లం ధరలే. మూడో పేజీలో ఉన్నవే మొదటి పేజీలోకీ ఎక్కేవి. ఊరి జనానికి ఈ కిటుకు ఎప్పుడో అర్థమైపోయింది. "ఈ వారం బెల్లం రెండుసార్లు పడిందప్పా, ఏ పెద్దింటి కథో" అని టీ అంగళ్ళలో పేపరు తిరగేసి మరీ వెతికేవాళ్ళు. ఈ సంగతి తెలియనిది ఊరంతటిలో ఒక్క రామలక్ష్మమ్మకే.

ఈసారి ఇంకో ముడి కూడా ఉంది. ఈరన్న కూతురికి చూస్తున్న వరుడు రామలక్ష్మమ్మ మేనల్లుడే. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఆమె అన్న ఓబులేసు కొడుకు వెంకటేశ్వర్లు. రామలక్ష్మమ్మకు పిల్లలు లేరు. వాడు ఆమె ఇంట్లో ఉండి హైస్కూలు చదివాడు, ఆమె చేతి ముద్దలు తిని పెరిగాడు. ప్రమాదం జరిగిన పొద్దున వాడు హిందూపురంలోనే ఉన్నాడు, ఆ బస్సే ఎక్కి ధర్మవరం పోవాల్సింది. "బస్సు కిక్కిరిసిపోయిందత్తా, అందుకే రైలెక్కినాను" అని తరవాత చెప్పాడు. పిల్లవాడి ఆయుస్సు గట్టిదని ఆమె గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఈరన్న వార్తను తీసేసింది బంధుత్వానికి కాదు, నియమానికే అని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. మరీ గట్టిగా చెప్పుకుందంటే ఎక్కడో అనుమానం ఉన్నట్టే గదా.

ఇక ఈ వారం కథ.

శుక్రవారం మధ్యాహ్నం. మర్నాడు పత్రిక బయటికి పోవాలి. గోవిందప్ప కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, పేర్చిన అక్షరాలు చెదరకుండా మొదటి పేజీకి తాడు బిగిస్తున్నాడు. రామలక్ష్మమ్మ చివరి ప్రూఫు దిద్దుతోంది. గడపలో నీడ పడింది. తలెత్తి చూస్తే ఈరన్న కూతురు.

ఆ పిల్ల పేరు రామాంజినమ్మ. అవును, బస్సు పేరే. పుట్టిన ఏడాదే నాయన మొదటి బస్సు కొని, ఆ బస్సుకు కూతురి పేరే పెట్టాడు. పెళ్ళి కుదరబోతున్న పిల్ల, ఒంటరిగా, నడిబజారులో, నాయన బస్టాండు ముందు నుంచే నడిచి వచ్చింది. దాక్కుని రాలేదు.

"నిన్ను ఏమని పిలవాల్నో ఇంకా తేలలేదు. ఇప్పటికి అమ్మా అంటాను" అన్నది.

"కూర్చో. ఇంట్లో చెప్పే వచ్చినావా?"

"చెప్తే రానిస్తారా?" అని నిలబడే ఉంది. "పోయిన వారం నీ పేపర్లో బెల్లం ధరలు రెండుసార్లు పడినాయి. అది మా వార్తే కదమ్మా?"

రామలక్ష్మమ్మకు అర్థం కాలేదు. గోవిందప్ప మాత్రం తల అచ్చు అక్షరాల పెట్టెలోకి దూర్చాడు. ఆవిడ అటు చూసింది. "ఏమిటి గోవిందప్పా ఇది?"

"ఊర్లో అట్ల అనుకుంటారమ్మా" అన్నాడు అతను, తల ఎత్తకుండానే. "బెల్లం రెండుసార్లు పడితే ఏదో వార్త పోయిందని. నీకు చెప్పే ధైర్యం ఎవురికుండాది?"

రామలక్ష్మమ్మ మొహం కందిపోయింది. తను వేసిన వార్తలు ఊరు చదువుతోందని ఇన్నాళ్ళూ మురిసిపోయింది. వేయని వార్తలు కూడా చదువుతోందన్నమాట. మిగతా పేపర్ల బలహీనతల మీద ఎన్నిసార్లు ఎంత వెటకారంగా రాసిందో గుర్తొచ్చింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆవిడ పని.

"నీ కోసమే తీసేసినాను" అన్నది, గొంతు సవరించుకుని.

"నేను అడిగినానా?"

"నీవు అడగాల్సిన పని లేదు. మీ నాయన అడిగినాడు. నీ బతుకు గురించి..."

"నా బతుకు గురించి మా నాయన మాట్లాడినాడు, నీవు మాట్లాడినావు. నేనొక్కదాన్నే మాట్లాడలేదు. అందుకే వచ్చినాను."

ఇంత మాట అన్నాక ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని, గుండెలో దాచుకున్నదంతా ఒక్క దమ్మున చెప్పేసింది. "ఆ పొద్దు తెల్లవారుతానే ఆశీర్వాదన్న మా వాకిట్లోకి వచ్చినాడు. నేను రెండు గ్లాసుల కాఫీ పట్టుకొని నడవలో ఉండాను. బ్రేకు పట్టడం లేదు సావుకారీ, ఈ పొద్దు బండి షెడ్డులో పెడదాం అన్నాడు. సంత రోజు బండి నిలిపితే ఎట్లప్పా, నిదానంగా పోనీ అన్నాడు మా నాయన. ఆశీర్వాదన్న తాగలేదు. నేను చూసినాను, నేను విన్నాను. సాక్ష్యం లేదన్నావంట కదా అన్నమ్మతో. నేనే సాక్ష్యం. రాసుకో."

రామలక్ష్మమ్మ రాసుకుంది. రాసుకుంటూనే అడ్డం చెప్పడం మొదలుపెట్టింది. పోలీసులకు చెప్పరాదా అంటే, "నేను స్టేషను మెట్లు ఎక్కకముందే మా నాయనకు కబురు పోతాది, నన్ను ఇంట్లో పెట్టి గొళ్ళెం వేస్తారు. అచ్చులో పడిన మాటకు గొళ్ళెం వేయలేరు" అన్నది ఆ పిల్ల. పేరు లేకుండా, తెలిసినవారు చెప్పారని వేస్తానంటే అసలే ఒప్పుకోలేదు.

"పేరు లేని మాట ఎవురు నమ్ముతారు? మా నాయన నా పేరు ఆ బస్సు నొసట రాయించి ధర్మవరం దాకా తిప్పినాడు. లేపాక్షి జాతరకు పూలదండలు వేసి తిప్పినాడు. ఊరూరా నా పేరు అరిచి జనాన్ని ఎక్కించుకున్నారు. అప్పుడు పోని పరువు ఇప్పుడు పోతాదా? మనుషుల్ని చంపింది నా పేరు పెట్టుకున్న బండి. నిజం చెప్పేటప్పుడు కూడా నా పేరే ఉండనీ."

"నీకు తెలీదు పిల్లా" అన్నది రామలక్ష్మమ్మ. "ఈ నియమం పెట్టింది ఆడపిల్లల కోసం. ఒక ఆడపిల్ల బతుకు ఎట్ల పాడైపోయిందో మా ఇంట్లో చూసినాం."

"ఆడపిల్లల కోసమా? మొన్న అన్నమ్మ వెనకాల ఒక పిల్ల నిలబడింది, చూసినావా?"

రామలక్ష్మమ్మ చూసింది. చూసి మరిచిపోయింది.

"ఆ పిల్ల పేరు ఎస్తేరమ్మ. ఆశీర్వాదన్న పెద్దకూతురు. బుక్కపట్నం సంబంధం కుదిరి ఉండింది. తాగుబోతు డ్రైవరు అరెస్టు అని నీ పేపర్లో పడినాక, వాళ్ళు వద్దని కబురు పంపినారు. ఆశీర్వాదన్న పేరు వేసేటప్పుడు, ఆ ఇంట్లో పెండ్లి కావాల్సిన పిల్ల ఉండాదేమో అని ఎవురినైనా అడిగినావా అమ్మా?"

గోవిందప్ప చేతిలో తాడు ఆగిపోయింది.

రామలక్ష్మమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. అడగలేదు. ఎన్నడూ అడగలేదు. సారా కాచిన యల్లక్క పేరు వేసింది, ఆమెకు కూతుళ్ళు ఉన్నారేమో అడగలేదు. మండీలో చింతపండు దొంగిలించిన కూలివాడి పేరు, ఊరితో సహా వేసింది. వాళ్ళెవరూ ప్రెస్సుకు వచ్చి కుర్చీలో కూర్చోలేదు. వచ్చిన అన్నమ్మనైనా గడప లోపలికి రమ్మనలేదు. ఈ నియమం ఆడపిల్లలను కాపాడిందనుకుంది. కాపాడింది కుర్చీలో కూర్చునే మగవాళ్ళను. మొగుడు ఎంతో మంచి మనసుతో నాటిన కంచె, చివరికి చేను మేస్తోంది. తన పేపరు ఏ ఆడపిల్ల కంటా నీళ్ళు పెట్టించలేదని ఎన్ని సభల్లో చెప్పుకుంది. సిగ్గుతో ఆవిడకు చెవులు మండాయి.

కాని రామలక్ష్మమ్మ సిగ్గుపడుతూ కూర్చునే మనిషి కాదు. లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"గోవిందప్పా, మొదటి పేజీ తాడు విప్పు."

"ఇప్పుడా అమ్మా? చోటు యాడుండాది?"

"మున్సిపాలిటీ సన్మానం వార్త లోపలికి పోనీ. అది పట్టేదానికి మూడో పేజీలో బెల్లం ధరలు ఎత్తెయ్."

ముసలాయన తాడు కింద పెట్టేశాడు. "బెల్లం ధరలు ఒక్కసారి కూడా లేకుండా పేపరా? మండీవాళ్ళు ఊరుకోరమ్మా."

"మండీలో ధర చెప్పడానికి చాలా నోళ్ళుండాయి. ఈ పిల్ల మాట చెప్పడానికి మనమే ఉండాం. కంపోజింగు స్టిక్కు ఇట్లియ్యి."

భర్త ఉన్న రోజుల్లో నేర్చుకున్న పని. ఒక్కొక్క అక్షరం ఏరి ఆ ఇనుప పట్టీలో పేరుస్తుంటే వేళ్ళకు పాత చురుకు వచ్చేసింది. "రామాంజినమ్మ" అన్న పేరు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కూర్చింది. 'బ్రేకు లేదని డ్రైవరు ముందే చెప్పాడు: బస్సు యజమాని కుమార్తె రామాంజినమ్మ వాంగ్మూలం'. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే, నడవ, వాకిలి, రెండు గ్లాసుల కాఫీతో సహా వేసింది. కింద ఇంకో నాలుగు పంక్తులు, ఆశీర్వాదాన్ని తాగుబోతు అని విచారించకుండా వేసినందుకు అతని కుటుంబానికి, ముఖ్యంగా అతని కుమార్తె ఎస్తేరమ్మకు 'జయమంగళి' క్షమాపణ చెప్పుకుంటోందని. ఆ పత్రిక పుట్టాక క్షమాపణ అచ్చయింది అదే మొదలు. అయినా ఆవిడ తల దించుకుని వేయలేదు. ఇంత నిటారుగా ఆవిడ ఎన్నడూ నిలబడలేదు.

తడి ప్రూఫు చేతికి వచ్చేసరికి బయట జట్కా ఆగింది. ఈరన్న దిగాడు. వెంట ఓబులేసు దిగాడు. ముహూర్తం మాట్లాడడానికి మధ్యాహ్నం రైల్లో ధర్మవరం నుంచి వచ్చాడట. ఇంట్లో పిల్ల లేదు. బజారులో నలుగురిని అడిగితే నలుగురూ ప్రెస్సు వైపే చెయ్యి చూపించారు.

ఈరన్న కేకలు వేయలేదు. పెద్ద గొంతు మనిషే గాని, కూతురి ముందు ఏనాడూ గొంతు పెంచనివాడు. "పద తల్లీ, ఇంటికి పోదాం" అన్నాడు. తరవాత రామలక్ష్మమ్మ వైపు తిరిగాడు. "నీ నియమం నీవే తప్పుతావా అమ్మా? ముల్లు పోయి ఆకు మీద పడినా, ఆకు పోయి ముల్లు మీద పడినా చిరిగేది ఆకే. నీకు చెప్పాల్నా?"

"చిరుగుతానో లేదో ఆకునే అడుగు ఈరన్నా, ఈడనే ఉండాది" అన్నది రామలక్ష్మమ్మ. "ఇంక మీదట ఆడపిల్ల కోసమని వార్త తీయాలంటే, ఆ ఆడపిల్లే వచ్చి నన్ను అడగల్ల. ఇదే నా నియమం. రేపు నా పేపరు కట్టలు నీ బస్సుల్లో పోవు, రైల్లో పోతాయి."

ఈరన్న కూతురి వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దినామూ నీ పేరుకు దండం పెట్టి బండి తీసేవాణ్ణి కదమ్మా."

"నేనూ నీ పేరు చెప్పుకొనే బతకాలనుకుంటాండా నాయనా" అన్నది రామాంజినమ్మ. "బయటివాళ్ళు బయట పెడితే మన పరువు పోతాది. మనమే చెప్పుకుంటే నిలబడుతాది."

ఈరన్న గోడకు ఆనుకుని ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. గోవిందప్ప కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు.

ఇప్పుడిక మిగిలింది ఓబులేసు. వియ్యంకుడు కావలసినవాడు. రామలక్ష్మమ్మ ప్రూఫును దాచలేదు. అన్న చేతికే ఇచ్చింది.

"ఇది రేపు ఊరంతా చదివేదే అన్నా. నీవు ముందే చదువు. చదివి, ఈ పిల్ల మన ఇంటికి కోడలు కాగూడదంటే ఈడనే చెప్పు. నా మాట మాత్రం విను, ఇట్లాంటి పిల్ల మన గడప తొక్కితే ఆ పుణ్యం మనది."

ఓబులేసు అద్దాలు పెట్టుకున్నాడు. ఒక్కొక్క పంక్తి కింద వేలు పెట్టి చదివాడు. వేలికి సిరా అంటింది. చదువుతూ చదువుతూ మీసం కింద చిన్న నవ్వు కూడా వచ్చింది. "భలే పిల్లవమ్మా. నోరు కాదు, గుండె ఉండాది నీకు" అన్నాడు. రామలక్ష్మమ్మ మనసు పొంగిపోయింది. తన అన్న తన అన్నే అనుకుంది.

అంతలో ఓబులేసు వేలు ఒక చోట ఆగింది.

"రెండు గ్లాసుల కాఫీ" అని మళ్ళీ చదివాడు. మామూలుగానే, ఏమీ తోచని మనిషిలాగే అడిగాడు. "ఒకటి మీ నాయనకు. రెండోది ఎవురికమ్మా?"

అంతసేపూ నాయన ముందు వంగని తల, బజారులో వంగని తల, రామాంజినమ్మ తల వంచుకుంది.

"మావాడు ఆ పొద్దు మీ ఇంట్లోనే కాఫీ తాగి బయల్దేరినానని చెప్పినాడే..." అంటూ మొదలుపెట్టిన ఓబులేసు, తన మాట తనకే వినపడినట్టు సగంలో ఆగిపోయాడు.

రామలక్ష్మమ్మకు గుడిలో తను కొట్టిన కొబ్బరికాయ గుర్తొచ్చింది. వెంకటేశ్వర్లు రైలెక్కింది బస్సు కిక్కిరిసిందని కాదు. బ్రేకు లేదని విన్నాడు. విని, తను బస్సు మానుకుని స్టేషనుకు నడిచాడు, ఎక్కుతున్నవాళ్ళను ఎక్కనిచ్చాడు. తన ముద్దలు తిని పెరిగిన పిల్లవాడు. ఆశీర్వాదం జైల్లో ఉంటే ఇన్ని రోజులూ నోరు మెదపనివాడు. ఈ పిల్ల అందరి పేర్లూ చెప్పి, వాడి పేరు ఒక్కటి మింగింది.

గోవిందప్ప నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళుగా ఉప్పు తిన్న మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, బెల్లం ధరలు మళ్ళీ ఎక్కియ్యాల్నా?"

రామలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంది. ఈరన్న వైపు చూసింది, ఆ పిల్ల వంచిన తల వైపు చూసింది.

"వద్దు గోవిందప్పా. పేజీ కట్టొద్దు. వార్త ఇంకా పూర్తి కాలేదు" అని స్టిక్కు కోసం చెయ్యి చాచింది.

కాని స్టిక్కును అప్పటికే ఓబులేసు తన చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెలి చేతికి ఇస్తాడో, కొడుకు పేరు పడకుండా దాచేస్తాడో వచ్చే వారం చూద్దాం.